పాతబస్తీ చూద్దాం సరే, ఎవరి వెంట?

దసరా సెలవులు ఇచ్చారంటే చాలు, హైదరాబాదులో కాపురం ఉండే ఇల్లాలికి ఫోన్లు మొదలవుతాయి. "నలుగురం వస్తున్నామే, రెండ్రోజులుంటాం, చార్మినారూ అదీ చూపించు" అని. బిర్లామందిరం, ట్యాంక్‌బండ్, జూపార్కు వరకైతే ఎవరికీ బెంగ లేదు. చార్మినార్ అనేసరికి మాత్రం కొంచెం తటపటాయిస్తాం. మా అపార్టుమెంటులో ఇరవై నాలుగు కుటుంబాలున్నాయి. పెళ్ళికి గాజులు కొనడానికి తప్ప నయాపూల్ దాటని ఆడవాళ్ళు అందులో సగానికి పైనే. అదేమంటే "అమ్మో, పాతబస్తీనా!" అంటారు. పేపర్లో పాతబస్తీ అన్న మాట పక్కన కర్ఫ్యూ అన్న మాట చదివీ చదివీ పెద్దవాళ్ళకి ఆ భయం అలవాటైపోయింది. 1990 డిసెంబరు అల్లర్లు, 2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలుడు... ఏళ్ళు గడిచినా మనసులో అవే ఉండిపోయాయి. అక్కడ రోజూ లక్షలమంది ఆడవాళ్ళు కూరగాయలు కొంటున్నారనీ, పిల్లల్ని బడికి దింపుతున్నారనీ మనకి తట్టదు.

ఆ భయానికి మనం కనిపెట్టిన మందు టూరు బస్సు. ఎవరో ఒకరు తీసికెళ్ళి, చూపించి, మళ్ళీ క్షేమంగా దింపేస్తారు కదా అని ధీమా. కాదనను. కానీ ఆ "ఎవరో ఒకరు" ఎవరన్నది అడగమే! చీర కొనేటప్పుడు అంచు తిప్పి, కొంగు విప్పి, వెలుతురులోకి తీసుకెళ్ళి చూసే మనం టూరు దగ్గరికొచ్చేసరికి ఒకటే ప్రశ్న వేస్తాం, "ఎన్ని చూపిస్తారు?" అని.

విశాఖపట్నం వెళ్ళారనుకోండి. ఆర్కే బీచ్‌లో దింపేస్తే చాలు, సముద్రాన్ని చూపించడానికి ఎవరూ అక్కర్లేదు. అక్కడ కూడా కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్తే సంగతి వేరు. 2002లో దాన్ని మ్యూజియం చేశాక చూపించడానికి పెట్టింది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళని. ఆ ఇరుకు మంచాల మీద పడుకున్నవాళ్ళెలా ఉండేవారో వాళ్ళు చెప్తుంటే వినాలి. అదే ఎవరో కుర్రాడు బట్టీపట్టి చెప్తే ఇనుపగొట్టంలా కనిపించేది. పాతబస్తీ పూర్తిగా అలాంటిదే. చెప్పేవాళ్ళు లేకపోతే చార్మినార్ ముందు మనకి కనబడేది నాలుగు మినార్లూ, నాలుగు వేలమంది జనమూ.

పోయిన ఏడాది వేసవిలో మా పెద్దమ్మ ఏలూరు నుంచి వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. పెదనాన్న ఉన్నన్నాళ్ళూ తిరుపతి, అన్నవరం తప్ప గడప దాటింది లేదు. మా అన్నయ్య, అంటే వాళ్ళబ్బాయి, ఫోన్లోనే ఒక టూరు బస్సులో సీట్లు రాయించేశాడు. "ఒక్క రోజులో తొమ్మిది చోట్లటే, భోజనం కూడా వాళ్ళదే" అని ఒకటే సంబరం. పెద్దమ్మకి తోడుగా నేనూ ఎక్కాను.

పొద్దున్న ఏడున్నరకి మొదలైంది పరుగు. సాలార్‌జంగ్ మ్యూజియానికి ముప్పావు గంట ఇచ్చారు. అందులో ఉన్నవి 39 గ్యాలరీలు! పరుగు పందెం పెట్టినా కుదరదు. మేం వెళ్ళింది పదీ ఇరవైకి, పదకొండుకి బస్సు దగ్గరుండాలి. ఆ సంగీత గడియారంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేది గంట గంటకీ కదా, అంటే సరిగ్గా మేం బస్సెక్కేటప్పుడు కొట్టిందన్నమాట. చార్మినార్ దగ్గర గైడు మైకులో హిందీలోనూ ఇంగ్లీషులోనూ నాలుగేసి ముక్కలు చెప్పి "ట్వంటీ మినిట్స్" అన్నాడు. ఆ ఇరవై నిమిషాల్లో పది నిమిషాలు అందరూ ఫొటోలు దిగారు. మిగతా పదీ తప్పిపోయిన ఒక తాతగారిని వెతకడానికి సరిపోయాయి. పెద్దమ్మ గాజుల బజారు మొదట్లో నిలబడి లోపలికి చూసింది, అంతే.

మధ్యాహ్నం మూడింటికి గోల్కొండ. పైకి మూడొందల పైచిలుకు మెట్లు. పెద్దమ్మ ఇరవై మెట్లెక్కి కూలబడిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయంది. ఒళ్ళు చూస్తే సెగలు. సంచిలో నీళ్ళ సీసా మూత కూడా తియ్యలేదు.

"పొద్దుట్నించీ నీళ్ళు తాగలేదా పెద్దమ్మా?"

"తాగితే ఎక్కడికెళ్ళనే?"

ఆ ఒక్క మాటా మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. బస్సులో ఉన్న ఆడవాళ్ళలో ఎంతమంది సీసా మూత తియ్యకుండా తొమ్మిది చోట్లూ చూశారో! మనం పెళ్ళిబస్సుల్లో, తీర్థయాత్రల్లో చిన్నప్పట్నుంచీ చేస్తున్నదే అది. తర్వాత మంట, జ్వరం, డాక్టరు, "నీళ్ళు బాగా తాగండమ్మా" అని ఆయన సలహా. టూరు కాగితం మీద తొమ్మిది చోట్ల పేర్లూ ఉన్నాయి గానీ, బాత్‌రూమ్ కోసం బస్సు ఎక్కడాగుతుందో ఎక్కడా లేదు.

బస్సు టూర్లన్నీ ఇంతేనని నేననను. ఒక్కరోజే చేతిలో ఉన్నవాళ్ళకీ, మోకాళ్ళు బాగున్నవాళ్ళకీ, "మొత్తం ఒకసారి చుట్టేస్తే చాలు, నచ్చినదానికి మళ్ళీ వెళ్తాం" అనుకునేవాళ్ళకీ అదే నయం. ఖర్చూ తక్కువే. ఎటొచ్చీ పెద్దవాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ ఉన్నప్పుడు ఎక్కే ముందు నాలుగు ప్రశ్నలడగాలి.

కార్తీకమాసం వెళ్ళాక పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి అక్కయ్యా, వాళ్ళ కోడలూ కూడా. "ఆ గాజుల బజారు సరిగ్గా చూడనే లేదే" అని పెద్దమ్మ నోరు తెరిచి అడిగింది. ఆవిడ ఒక కోరిక బయటికి చెప్పడం నేను వినడం అదే మొదటిసారి! మావారు "గైడెందుకు, ఫోన్లో మ్యాపు పెట్టుకుని నేను తిప్పుతాగా" అన్నారు. ఆయన మ్యాపుతో మేం కిందటిసారి మొజంజాహి మార్కెట్టు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసిన సంగతి గుర్తు చేసి, నేనే ముగ్గురు గైడ్లకి ఫోన్ చేశాను.

ఏమడిగానంటే - తెలుగులో చెప్తారా? ఎంతసేపు నడవాలి, మధ్యలో ఎక్కడ కూర్చోవచ్చు? బాత్‌రూమ్ ఎక్కడ, ఎన్ని గంటలకోసారి? పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందా? గుంపులో ఎంతమంది? టికెట్లు మీ ఫీజులో కలిసే ఉన్నాయా, వేరా? దుకాణాలకి తీసికెళ్తారా? ఒకాయన బాత్‌రూమ్ మాటకి నవ్వేసి "చూద్దాం లెండి మేడమ్" అన్నాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది. రెండో ఆయన మాటామాటకీ ముత్యాల ప్రస్తావన తెస్తున్నాడు. మూడో గొంతు ఒక అమ్మాయిది. "చౌమహల్లాల ఉన్నది అమ్మా, నీటుగ ఉంటది. ముందు చార్మినార్, తర్వాత మసీద్, అక్కడికెల్లి సీదా ఆడికే పోదాం. పెద్దమ్మగారు మెట్లెక్కుతరా?" అని తనే ఎదురడిగింది. నేను అడక్కముందే మోకాళ్ళ సంగతి అడిగిన ఆ అమ్మాయినే ఖాయం చేసుకున్నాం.

మీక్కూడా చార్మినార్ దగ్గర మొదలుపెట్టి లాడ్‌బజార్, చౌమహల్లా వైపు నడిపించే హెరిటేజ్ వాక్‌లు దొరుకుతాయి. గుంపు పది పదిహేను దాటితే మాత్రం వెనకున్న ముసలావిడకి ఏమీ వినబడదు.

రోజు సంగతి ముఖ్యం. చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ శుక్రవారం సెలవు. ఆ రోజు మక్కా మసీదులో జుమ్మా నమాజుకి జనం ఎక్కువ. మనవాళ్ళేమో శుక్రవారం మంచిరోజని ఆ రోజే బయల్దేరతారు! మేం ఆదివారం పొద్దున్నే పెట్టుకున్నాం. తొమ్మిదిన్నరకి చార్మినార్ చుట్టూ పావురాల రెక్కల చప్పుడు వినబడుతోందంటే మీరు నమ్మరు.

గైడు అమ్మాయికి ముప్ఫయ్యేళ్ళుంటాయి. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "ఈ చార్మినార్ ఎందుకు కట్టారమ్మా?" అని పెద్దమ్మ అడగ్గానే, "రెండు మూడు తీర్ల చెప్తరు అమ్మా" అంది. కట్టించింది మహమ్మద్ కులీ కుతుబ్‌షా, 1591లో. ఇందులో తగువు లేదు. ఎందుకంటే, ఊళ్ళో ప్లేగు తగ్గినందుకని కొందరు. హిజ్రీ లెక్కలో వెయ్యో ఏడు వచ్చిన గుర్తుగా అని ఇంకొందరు. కొత్త ఊరికి నడిబొడ్డు గుర్తుగా అని మరికొందరు. భాగమతి కథ కూడా చెప్పింది. చెప్పి, చరిత్రకారుడు హరూన్‌ఖాన్ షేర్వానీ లాంటివాళ్ళు అసలు ఆ పేరుతో ఎవరూ లేరన్నారనీ చెప్పింది. "ఎవరు చూసిన్రు అమ్మా, మీకు నచ్చింది పట్టుకోండి." ఇలాంటివాళ్ళని నమ్మొచ్చు. గోల్కొండకి సొరంగముందని, అందులోంచి రాజు గుర్రమెక్కి వెళ్ళేవాడని కళ్ళారా చూసినట్టు చెప్పేవాళ్ళుంటారే, వాళ్ళ దగ్గర కథలు వినండి, చరిత్ర మాత్రం అడక్కండి. కథలు రాసుకునేదాన్ని నేనే చెప్తున్నాను.

చార్మినార్ పైదాకా 149 మెట్లు. మనల్ని పోనిచ్చేది మొదటి అంతస్తు వరకే. ఆ మెట్లు ఇరుకు, చుట్టూ తిరుగుతూ ఉంటాయి, ఒక్కోటీ ఎత్తు. పెద్దమ్మని కింద కూర్చోబెట్టి, అక్కయ్య తోడుండి, మేం ఎక్కొచ్చాం. పైనుంచి ఉత్తరంగా చూస్తే గుల్జార్‌హౌజ్, దాని చుట్టూ నాలుగు కమాన్లు. ఇంకాస్త ముందు పత్తర్‌గట్టి రాతి దుకాణాలు. గైడు మాకు పైన చెప్పిందంతా కిందికొచ్చి పెద్దమ్మకి మళ్ళీ చెప్పింది. ఆ మాత్రం ఓపిక ఏ మైకుకి ఉంటుంది?

మక్కా మసీదు దగ్గర తలమీద చెంగు కప్పుకున్నాం. ప్రార్థన చేసే లోపలి హాల్లోకి ఆడవాళ్ళని పోనివ్వరు, ఆవరణలోంచే చూడాలి. ఇది ముందే చెప్తే మనసుకి కష్టం ఉండదు. గుమ్మం దాకా వెళ్ళాక ఆపితేనే చిన్నతనంగా ఉంటుంది. కుతుబ్‌షాహీల కాలంలో 1617లో పని మొదలైతే, గోల్కొండని గెలిచిన ఔరంగజేబు కాలంలో 1694కి పూర్తయిందట. డెబ్బయ్ ఏడేళ్ళు! "మా ఇంటి మేడ కూడా అంతే" అని అక్కయ్య ఒక విసురు విసిరింది. ఆవరణలో వరసగా నిజాముల సమాధులున్నాయి. ఏడో నిజాం మాత్రం ఇక్కడ లేడు, కింగ్‌కోఠి దగ్గర జూడీ మసీదులో ఉన్నాడు.

పక్కనే నిమ్రా కేఫ్. ఇరానీ చాయ్, వేడి వేడి ఉస్మానియా బిస్కట్లు. పెద్దమ్మ గైడు వైపు చూసింది. "ఇంక పది నిమిషాల్ల చౌమహల్లా" అంది ఆ అమ్మాయి. పెద్దమ్మ చాయ్ తాగింది. ఒకటి కాదు, రెండు.

చౌమహల్లాలో రెండు గంటలు కూర్చున్నామంటే చూశామనీ అర్థం, కూర్చున్నామనీ అర్థం. 1750 ప్రాంతంలో మొదలై వందేళ్ళకి పైగా కడుతూ వచ్చిన మహళ్ళు అవి. పాడుబడిపోతుంటే యువరాణి ఎస్రా పట్టుబట్టి బాగు చేయించారు. 2005లో జనానికి తలుపులు తెరిచారు, 2010లో యునెస్కో వాళ్ళ అవార్డు వచ్చింది. దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు. వాటిని దించి తుడవడం ఎవరి పనో అని మన బుర్ర అటే పోతుంది, ఏం చేస్తాం.

అక్కడి బెంచీ మీదే ఆ అమ్మాయి అసలు కథలు చెప్పింది. ఈ ఊరి చరిత్రంతా రాజుల పేర్లే అనుకుంటాం కదా. చార్మినార్ కట్టించిన రాజు కూతురు హయాత్ బక్షీ బేగం. భర్త రాజు, కొడుకు రాజు. 1626లో భర్త పోయి చిన్నవాడైన కొడుకు అబ్దుల్లా గద్దెనెక్కితే వెనకుండి రాజ్యం నడిపింది ఆవిడే. హయత్‌నగర్ ఆవిడ పేరే. పెద్దమ్మ నోరు తెరిచేసింది. విజయవాడ వైపు నుంచి హైదరాబాదు బస్సెక్కి వచ్చేవాళ్ళందరం ఆ ఊరు దాటే కదండీ వస్తాం! "కండక్టరు హయత్‌నగర్, హయత్‌నగర్ అని అరుస్తుంటే చెప్పులు వెతుక్కునేదాన్నే గానీ..." అంది.

ఇంకొకటి. చివరి నిజాం కోడళ్ళు ఇద్దరు, టర్కీ రాజవంశపు ఆడపిల్లలు. దుర్రూషెహవార్, నీలోఫర్. 1931లో ఫ్రాన్సులోని నీస్‌లో పెళ్ళిళ్ళయ్యాయి. 1949లో నీలోఫర్ దగ్గర పనిచేసే పిల్ల కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి పుట్టిందే మనకి తెలిసిన నీలోఫర్ ఆసుపత్రి. దుర్రూషెహవార్ పేరు మీద పిల్లల ఆసుపత్రి పాతబస్తీలోనే, పురానీ హవేలీ దగ్గరుంది. నా చిన్నకొడుక్కి పచ్చకామెర్లు వచ్చినప్పుడు నేను వారం రోజులు నీలోఫర్ వరండాలో ఉన్నాను. ఆ పేరు ఒక మనిషిదని, ఆ మనిషి ఒక పనిపిల్ల కోసం ఏడ్చిందని ఎవరూ చెప్పలేదు.

తర్వాత గాజులు. ఆదివారం కాబట్టి లాడ్‌బజార్ దుకాణాలు తీరిగ్గా తెరుస్తున్నారు. లాడ్ అంటే లక్క అని ఒక మాట, గారాబం అని ఇంకో మాట. ఒక సందులో లక్క గాజు చేసేచోటికి తీసికెళ్ళింది గైడు. బొగ్గుల వేడి మీద లక్క మెత్తబడగానే సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరేలోపు ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు. వేళ్ళ చివర్లు చూస్తే తెలుస్తుంది ఆ పని సంగతి. 2024లో ఈ హైదరాబాదు లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే బజార్లో వేలాడే గాజు గాజులు చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వచ్చేవి. తెలిసి కొంటే తప్పేం లేదు. పెద్దమ్మ చెయ్యి చూసి దుకాణం ఆయన కొలత లేకుండానే "రెండు ఆరు" అన్నాడు. సరిగ్గా సరిపోయాయి. బేరం మాత్రం ఆవిడే చేసింది, చెప్పినదాంట్లో సగం దగ్గర మొదలుపెట్టి. గైడు అమ్మాయి దూరంగా నిలబడి రోడ్డు వైపు చూస్తోంది. ఇది గమనించండి. దుకాణంలో మన పక్కనే నిలబడి "బాగుంది, తీస్కోండి" అనే గైడైతే మనం ఇచ్చే డబ్బులో తన వాటా ఉండొచ్చు. ముఖ్యంగా ముత్యాల దగ్గర. సముద్రం లేని ఊళ్ళో ముత్యాలేమిటని నవ్వకండి, గల్ఫ్ ముత్యాలతో పేరు తెచ్చుకున్న ఊరిది. ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు పెంపకపు ముత్యాలు. కొనాలనుంటే టూరు రోజున కొనకండి, మీ ఇంటి మనిషితో ఇంకో రోజు వచ్చి నిదానంగా చూసుకుని, రసీదు తీసుకోండి.

ఆరోజు మేం చూసింది లెక్కపెడితే నాలుగు చోట్లు. గైడు ఫీజు అందరం పంచుకుంటే తలకి బస్సు టికెట్టు కన్నా కాస్త ఎక్కువైంది. తిరుగుదారిలో ఆటో నయాపూల్ మీదకి రాగానే ఎదర కనిపించే ఉస్మానియా ఆసుపత్రిని మాత్రం నేను చూపించాను. ఆ ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరు కొట్టుకుపోతుంటే ఆ చెట్టెక్కి నూటయాభై మంది బతికారు. పెద్దమ్మ ఆటోలోంచే దణ్ణం పెట్టుకుంది.

మొన్న ఫోన్ చేసింది. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు హయత్‌నగర్ దాటుతుంటే పక్క సీటావిడకి ఆ బేగం కథంతా చెప్పిందట. ఆవిడా గుడివాడ మనిషేనట, మోకాళ్ళు ఆవిడవీ అంతంతమాత్రమేనట. ఈసారి ఇద్దరూ కలిసి వస్తారట. పురానీ హవేలీ చూడాలంది. అక్కడి నిజాం మ్యూజియంలో 2018లో వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ క్యారియరు దొంగలెత్తుకుపోతే పోలీసులు పట్టి తెచ్చారు కదా, అది చూడాలిట ఆవిడకి. ఆ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు, చూసుకుని బయల్దేరమన్నాను.